సాక్షాత్తూ వస్తేనే ముద్ర

కోర్టు వీధిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు నలుగురైదుగురికి మించి ఉండరు. మిగతా అందరికీ ఆమె సాక్షాత్తమ్మ. ఆ పేరు పెట్టింది పక్కగదిలో జిరాక్సు మిషను నడిపే పెద్దమనిషి. మిషను ఎంత రొద పెడుతున్నా ఆయనకు గోడ అవతలనుంచి ఆమె మాట రోజుకు పాతికసార్లు వినపడేది. ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వచ్చి, "మా బావమరిది సంతకం అండీ ఇది. పని ఉండి రాలేకపోయాడు. కాస్త సీలు వేసి ఇస్తే..." అని నసుగుతారు. ఆమె కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసి, "మీ బావమరిది సాక్షాత్తూ రావాలండీ" అంటుంది. ఆ అనడంలో కోపం ఉండదు, విసుగు ఉండదు. అలాగని ఇంకాస్త బతిమాలితే ఒప్పుకుంటుందేమోనన్న ఆశా కలగదు.

"ఆయన ఊళ్ళో లేడండీ."

"వచ్చాకే తీసుకురండి."

"పోనీ ఫోన్లో మాట్లాడిస్తాను, గొంతు వినండి."

"గొంతు సంతకం పెట్టదు కదండీ."

అలా తిరుగుముఖం పట్టినవాళ్ళు జిరాక్సు గది ముందు ఆగి గొణుక్కునేవారు. ఆయన వాళ్ళను ఓదార్చేవాడు. "మీరనే కాదండీ, దేవుడే దిగొచ్చి సీలు అడిగినా ముందు గుర్తింపు కార్డు చూపించమంటుంది మా సాక్షాత్తమ్మ. వెళ్ళి మీ బావమరిదిని లాక్కురండి, దారి అదొక్కటే."

ఆ మాట ఆమె చెవిన పడుతూనే ఉండేది. నవ్వుకుని ఊరుకునేది. కానీ పుట్టుకతోనే ఆమె ఇంత పట్టుదల మనిషేమీ కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరేమడిగినా కాదనలేని మెతక మనిషి. ఆ మెతకతనం పోయి ఈ పేరు రావడానికి మధ్యలో జరిగింది ఒకటుంది.

ఆమె తండ్రి పుస్తకాలు బైండింగు చేసేవాడు. జిగురు వాసనలో, కాగితం ముక్కల మధ్య పెరిగిన పిల్ల కాబట్టి కాగితమంటే ఆమెకు మొదటినుంచీ గౌరవం. పంతొమ్మిదేళ్ళకు టైపు నేర్చుకుని, కోర్టు వీధిలోకెల్లా పేరున్న పెద్ద ప్లీడరుగారి ఆఫీసులో టైపిస్టుగా చేరింది. దావాలూ, జవాబులూ టైపు కొట్టీ కొట్టీ, అందులో ఏముందో అర్థం చేసుకోవాలన్న కోరిక పుట్టింది. ప్లీడరుగారే ప్రోత్సహించి సాయంకాలపు కాలేజీలో లా చదివించారు. ఫీజు రాయితీకి సిఫారసు చేసిందీ, పరీక్షల ముందు సెలవిచ్చిందీ ఆయనే. ఈలోగా బళ్ళో డ్రాయింగు మాష్టారితో పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది, చదువూ పూర్తయింది. కానీ కోర్టులో నిలబడి వాదించే ఘట్టం వచ్చేసరికి ఆమె మాట గొంతులోనే ఉండిపోయేది. ఎదుటి వకీలు "అబ్జెక్షన్" అంటే చాలు, తనదే తప్పేమో అనుకుని కూర్చునేది.

"నీకు వాదన కుదరదు అమ్మాయ్" అన్నారు ప్లీడరుగారు ఒకరోజు. "నువ్వు నోటరీకి దరఖాస్తు పెట్టు. అక్కడ అరవక్కర్లేదు. నిదానం ఉంటే చాలు."

ఆయన మాట మీదే పెట్టింది. నియామకం వచ్చింది. దాంతోపాటు గుండ్రటి రబ్బరు ముద్ర, కాగితం మీద బొడిపెలుగా అచ్చుపడే ఇనప సీలు, ఎర్రగుడ్డ అట్ట వేసిన రిజిస్టరు, నలభై పేజీల నిబంధనల పుస్తకం వచ్చాయి. మెట్ల కింద సన్నటి గది ఒకటి దొరికింది. అద్దం పరిచిన బల్ల, రెండు కుర్చీలు, గోడవారన ఒక బెంచీ పడితే ఇక మనిషి పక్కకు తిరగడానికి చోటు లేదు.

ఇంట్లో ఆ నిబంధనల పుస్తకాన్ని అత్తగారు చేతిలో పట్టుకుని కోడలికి పాఠం అప్పజెప్పించుకునేది. ఆవిడ పెద్దగా చదువుకోలేదు గానీ కూడబలుక్కుని చదవగలదు, పైగా ఎవరైనా తడబడితే పట్టుకోవడం ఆవిడకు సరదా.

"సంతకం చేసే మనిషి?"

"నా ఎదుట స్వయంగా ఉండాలి అత్తయ్యా."

"కాగితంలో ఖాళీలు?"

"ఉండకూడదు. ఉంటే గీత కొట్టించాలి."

"నాకు గానీ, నీ మొగుడికి గానీ కాగితం కావాల్సొస్తే?"

"నేను చెయ్యకూడదు. సొంతవాళ్ళవి వేరే నోటరీ చెయ్యాలి."

"సీలు?"

"నా చెయ్యి దాటకూడదు. తాళంలో ఉండాలి."

అత్తగారు పుస్తకం మూసి కాసేపు ఆలోచించేది. "అది సరేగానీ, రాసేది ఎవరో, సంతకం పెట్టేది ఎవరో. మధ్యలో నువ్వు చేసేదేమిటే?"

"చూస్తానత్తయ్యా. ఫలానా మనిషే వచ్చి, తెలిసి, ఇష్టపడి సంతకం పెట్టిందని చూసి, చూశానని రాస్తాను."

"చూడ్డం కూడా ఒక ఉద్యోగమేనా!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకునేది.

మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడాదిలో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం పెద్ద ప్లీడరుగారి గుమాస్తా గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. ప్లాస్టిక్ కవరులోంచి ఒక్క పేజీ కాగితం తీసి బల్లమీద పెట్టాడు. ఒక తల్లి ఇచ్చే సమ్మతి పత్రం అది. భార్యాభర్తలు విడిగా ఉంటున్నారు. ఆరేళ్ళ పాప తల్లి దగ్గర ఉండాలని కోర్టు చెప్పింది. తల్లి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే తండ్రి పాపను దేశం దాటించి తీసుకెళ్ళవచ్చు. "సెలవులకు తండ్రితో వెళ్ళడానికి నాకు అభ్యంతరం లేదు" అని ఉంది కాగితంలో. కింద తల్లి సంతకం ఉంది.

"ఆవిడేరీ?" అంది ఆమె.

"జ్వరమటండీ. అయ్యగారి ఎదుటే సంతకం పెట్టి వెళ్ళిపోయిందట. మళ్ళీ ఈ వానలో ఇక్కడిదాకా ఏం వస్తుంది? అయ్యగారు మీకు చెప్పమన్నారు."

ఆమె తటపటాయించింది. ప్లీడరుగారికి ఫోను చేసింది. అవతలనుంచి ఆయన గొంతు, రోజూ వినే ఆ పెద్దరికపు గొంతు, నవ్వుతూ అంది, "ఏం అమ్మాయ్, నా మాట మీద నీకు నమ్మకం లేదా?"

"అయ్యో, అదేం మాటండీ!"

సిగ్గుతో మొహం ఎర్రబడింది. ఫోను పెట్టేసి, సమ్మతి పత్రం కింద "నా ఎదుట స్వయంగా హాజరై సంతకం చేసినారు" అని రాసి, గుండ్రటి ముద్ర వేసి, ఇనప సీలు నొక్కింది. రిజిస్టరులో వివరాలన్నీ రాసింది. చివరి గడిలో వచ్చిన మనిషి సంతకం, వేలిముద్ర ఉండాలి. ఆ గడి దగ్గర ఆగి, పెన్సిలుతో చిన్నగా "రేపు" అని రాసుకుంది. జ్వరం తగ్గాక పిలిచి పెట్టించుకోవచ్చులే అనుకుంది. ఆ రేపు గడిచింది, ఎల్లుండీ గడిచింది. తర్వాత ఆ సంగతే మరిచిపోయింది.

నెల తిరగకుండా ఒకరోజు పొద్దున్న పదిగంటలకు ఒక బస్సు కండక్టరు వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన టిక్కెట్ల సంచి. ముప్పై ఏళ్ళుంటాయి. ఎక్కడో చూసిన మనిషిలాగా ఏమీ అనిపించలేదు.

"కూర్చోండమ్మా."

ఆమె కూర్చోలేదు. సంచిలోంచి మడత పెట్టిన నకలు కాగితం తీసి అద్దం మీద పరిచింది. "ఈ ముద్ర మీదేనా అండీ?"

"నాదే."

"నన్నెప్పుడైనా చూశారా?"

నోటరీకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. కాగితం వైపు చూసింది. పాప పేరు, తల్లి పేరు, తేదీ కనిపించాయి.

"'నా ఎదుట స్వయంగా హాజరై' అని రాశారు మీరు" అంది కండక్టరు. గొంతు పెంచలేదు. బస్సులో స్టాపు పేరు చెప్పినంత మామూలుగా చెబుతోంది. "ఆ రోజు పొద్దున ఆరునుంచి సాయంత్రం దాకా నేను డ్యూటీలో ఉన్నాను. డిపోలో పుస్తకం ఉంది. నాకు జ్వరం రాలేదు, నేను ఏ ప్లీడరు దగ్గరికీ వెళ్ళలేదు. ఈ సంతకం నాది కాదు. మా పాపని బడినుంచి తీసుకెళ్ళాడు. ఈ ముద్ర చూపించాడు, సరిహద్దు దగ్గరవాళ్ళు దాటనిచ్చారు. ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు."

పక్కగదిలో జిరాక్సు మిషను ఆగింది. నోటరీ లేచి, సొరుగు తాళం తీసి, రిజిస్టరు తెచ్చి ఆ పేజీ వెతికింది. చివరి గడిలో పెన్సిలు రాత అలాగే ఉంది. రబ్బరుతో చెరిపితే చెరిగిపోయే రాత. ఆమె ఆ పుస్తకాన్ని కండక్టరు వైపు తిప్పిపెట్టింది.

"చూడలేదమ్మా. మిమ్మల్ని చూడటం ఇదే మొదటిసారి."

కండక్టరు ఆ గడి వైపు చాలాసేపు చూసింది. గొడవ పడటానికి సిద్ధమై వచ్చిన మనిషి, ఎదుట గొడవ లేకపోయేసరికి ఏం చెయ్యాలో తోచనట్టు సంచి పట్టీ సర్దుకుంది.

"ఇదే మాట కోర్టులో చెబుతారా?"

"చెబుతాను."

మాట ముందు వచ్చేసింది. భయం ఆ తర్వాత, కండక్టరు వీధి చివర మలుపు తిరిగాక వచ్చింది.

ఆ మధ్యాహ్నమే పెద్ద ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళింది. విషయం విని ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. చివరికి బయటపెట్టారు. ఆయన ఎదుట కూడా ఎవరూ సంతకం పెట్టలేదు. పాప తండ్రి ఆయన పాత క్లయింటు. "ఆవిడ కింద కారులో కూర్చుంది, ఒళ్ళు కాలిపోతోంది, పైకి రాలేదు, సంతకం మాత్రం పెట్టింది" అన్నాడు. ఆయన కిటికీలోంచి కారును చూశారు. కారులో మనిషిని చూడలేదు. క్లయింటును ఆయన నమ్మారు, ఆయన్ను ఆమె నమ్మింది, ఆమె ముద్రను సరిహద్దు దగ్గర ఆఫీసరు నమ్మాడు. అంతమందిలో ఒక్కరు కూడా ఆ తల్లి మొహం చూడలేదు.

"జరిగిందేదో జరిగింది" అన్నారాయన, గొంతు సర్దుకుని. "ఇప్పుడు నువ్వు నిలదొక్కుకునే దారి ఒకటుంది. ఎవరో ఒకావిడ వచ్చింది, కార్డు చూపించింది, మొహం కలిసినట్టే ఉంది, మోసపోయానని రాసివ్వు. మోసపోవడం నేరం కాదమ్మాయ్. నీ లైసెన్సుకు ఢోకా ఉండదు."

"కానీ ఎవరూ రాలేదు కదండీ."

"ఆ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

ఆమెను చదివించిన మనిషి. తనకు బతుకుతెరువు చూపించిన మనిషి. ఆయన అడుగుతున్నది ఆయన కోసం కూడానని అర్థమవుతూనే ఉంది. కానీ రానే రాని ఆ మనిషి కోసం కోర్టు వెతకడం మొదలుపెడుతుంది. ఎవరు, ఎక్కడిది, ఎవరు పంపారు అంటూ నెలలు గడుస్తాయి. అన్నాళ్ళూ పాప అక్కడే ఉంటుంది.

"నేను వెళ్ళొస్తానండీ" అని లేచింది. ఆయన ఆపలేదు.

ఇంటికెళ్ళి భర్తకూ అత్తగారికీ ఉన్నదున్నట్టు చెప్పింది. డ్రాయింగు మాష్టారు మితభాషి. విని, లేచి వెళ్ళి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అత్తగారు మాత్రం వెంటనే తేల్చేసింది. "చూడలేదుగా? చూడలేదని చెప్పు. ఇందులో తలపట్టుకు కూర్చోవాల్సినదేముంది? కూరలో ఉప్పెక్కువైతే ఎక్కువైందని నేను ఒప్పుకోనూ?"

"నువ్వెప్పుడు ఒప్పుకున్నావమ్మా?" అన్నాడు కొడుకు.

"ఎక్కువైతే కదరా ఒప్పుకోడానికి!"

ఆ స్థితిలోనూ ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

మర్నాడు తన వాంగ్మూలం తనే టైపు కొట్టుకుంది. పేజీన్నర వచ్చింది. సాకులు రెండుసార్లు రాసి రెండుసార్లూ తీసేసింది. దాని మీద ప్రమాణం చెయ్యాలి, ఒక నోటరీ ఎదుట సంతకం పెట్టాలి. సొంత కాగితం మీద సొంత ముద్ర పనికిరాదు. కాబట్టి వీధి చివర ఉన్న ముసలి నోటరీ దగ్గరికి బయలుదేరింది. ఆయన్ను అందరూ నత్తగారు అంటారు. ఒక్క కాగితానికి అరగంట పడుతుంది ఆయన దగ్గర. తొందరున్నవాళ్ళు ఆ గుమ్మం తొక్కరు.

నత్తగారికి ఆమె పదేళ్ళుగా తెలుసు. టైపిస్టుగా ఉన్నప్పటినుంచీ చూస్తున్నాడు. అయినా ఆమె కూర్చోగానే చెయ్యి చాపాడు. "కార్డు?"

ఇచ్చింది. ఆయన ఫోటోనూ మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. వాంగ్మూలం మొదటి మాటనుంచి చివరి మాట దాకా పెదవులు కదుపుతూ చదివాడు. మధ్యలో ఒకసారి ఆగి ఆమె వైపు చూశాడు. తర్వాత కాగితం బోర్లించి పెట్టాడు.

"ఇందులో ఏముందో మీ మాటల్లో చెప్పండి."

చెప్పింది. కోర్టులో పెగలని గొంతు ఇక్కడ పెగిలింది. రాని మనిషి వచ్చిందని రాశాననీ, ముద్ర వేశాననీ, దానివల్ల ఒక పాప తల్లికి దూరమైందనీ చెప్పింది.

"మీ ఇష్టపూర్వకంగానే చేస్తున్నారా? ఎవరైనా బలవంతపెట్టారా?"

ఈ ప్రశ్న ఆమె తన బల్లదగ్గర వందలసార్లు అడిగింది. అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే ముద్ర అందుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడు అదే ప్రశ్న తన మీదికి వచ్చేసరికి, ఆ ముసలాయన నిజంగానే జవాబు కోసం ఆగాడని తెలిసింది. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. బలవంతపెట్టారని ఆమె అంటే ఆ కాగితం అక్కడితో ఆగిపోతుంది. తలుపు వేసుకుని ఇంటికెళ్ళొచ్చు.

"లేదండీ" అంది. "నా ఇష్టంతోనే."

సంతకం పెట్టింది. రిజిస్టరులో వేలిముద్ర వేసింది. ఆయన సిరా తుడుచుకోడానికి తడిగుడ్డ ఇచ్చి, సీలు నొక్కి, కాగితం ఆమె చేతికిస్తూ అన్నాడు, "జాగ్రత్తగా పట్టుకోండి. ముద్ర తడి ఆరలేదు."

ఆ వాంగ్మూలం కోర్టుకు వెళ్ళింది. జడ్జి ఆమెను పిలిచి నాలుగే ప్రశ్నలు అడిగారు. పెద్ద ప్లీడరుగారు కూడా, ఎంత బరువుగా అనిపించిందో గానీ, రెండోరోజు వచ్చి తన వంతు నిజం చెప్పారు. సమ్మతి పత్రం చెల్లదని కోర్టు తీర్పు రాసి అవతలి దేశానికి పంపింది. తొమ్మిది వారాలకు పాప తిరిగొచ్చింది. తండ్రికి పాప మీద ప్రేమ లేక కాదు, అడిగితే తల్లి ఒప్పుకోదన్న మొండితనంతో చేశాడట. కోర్టు అతనికి ఏం చెప్పాలో అది చెప్పింది.

ఆమెకు ఏడాది సస్పెన్షను వచ్చింది. ముద్ర, సీలు, రిజిస్టరు ఒక గుడ్డసంచిలో వేసి రిజిస్ట్రారు ఆఫీసులో అప్పగించి వచ్చింది. చేతులు తేలికైపోయి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆ రోజంతా.

పాప వచ్చిన వారానికి కండక్టరు ఒకసారి కనిపించింది. ఆమె ఎక్కిన బస్సులోనే డ్యూటీ. టిక్కెట్టు చించి ఇస్తూ, "పాప వచ్చింది" అంది.

"విన్నానమ్మా. చాలా సంతోషం."

"మీకు థాంక్స్ చెప్పాలని మా అన్నయ్య అంటాడు. నాకు నోరు రావడం లేదు. నిజం చెప్పారు, సరే. ముందే చూసుంటే చెప్పాల్సిన పనే ఉండేది కాదు కదండీ."

"నిజమేనమ్మా" అంది ఆమె. కండక్టరు తల ఊపి ముందు సీట్లవైపు వెళ్ళిపోయింది. ఆ మాట వినడం కష్టంగా ఉన్నా, వినడమే న్యాయమనిపించింది. దిగేటప్పుడు ఆమె రెండు కాళ్ళూ నేలమీద పెట్టేదాకా కండక్టరు బస్సు కదలడానికి విజిలు వెయ్యకుండా ఆగింది. ఆమె అది చాలనుకుంది.

ఆ ఏడాది ఇంట్లో ఊరికే కూర్చోలేక, నత్తగారి దగ్గరికి వెళ్ళి అడిగింది, "రోజూ కాసేపు మీ బెంచీ మీద కూర్చుని చూడనా?"

"కూర్చోండి. ఏదీ ముట్టుకోవద్దు" అన్నాడాయన.

మధ్యాహ్నాలు ఇంటిపట్టున టైపు పని చేసుకుంటూ, పొద్దుటిపూటలు అక్కడ గడిపింది. నత్తగారు నత్తలా ఎందుకు నడుస్తాడో అప్పుడు తెలిసింది. ముసలివాళ్ళు వస్తే వెంట వచ్చినవాళ్ళను "కాస్త బయట గాలి పీల్చుకోండి" అని పంపేవాడు. మనిషి ఒక్కడే ఉన్నప్పుడు అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉండేది కొన్నిసార్లు. చదవడం రాదని చెప్పుకోడానికి సిగ్గుపడి, "కళ్ళజోడు మరిచిపోయా" అనేవాళ్ళకు ఆయన, "నాదీ మసకే, ఇద్దరం కలిసి చదువుదాం" అని గట్టిగా చదివి వినిపించేవాడు. ఎవరైనా "ఇది రాస్తే మంచిదా, రాయకపోతే మంచిదా?" అని అడిగితే మాత్రం చెప్పేవాడు కాదు. "అది మీ వకీలును అడగండి. రాసింది మంచో చెడో, నిజమో కాదో నా ముద్ర చెప్పదు. మీరు వచ్చారని, తెలిసి పెట్టారని చెబుతుంది. అంతే దాని నోరు."

సస్పెన్షను ముగిసి, మెట్లకింద గది మళ్ళీ తెరిచిన మొదటిరోజే ఒకాయన తన తమ్ముడి సంతకం ఉన్న కాగితం పట్టుకొచ్చాడు. "మీ తమ్ముడు సాక్షాత్తూ రావాలండీ" అంది ఆమె. ఆ మాట నోటికి అలా తగులుకుంది. మూణ్ణెల్లు తిరక్కుండా జిరాక్సు ఆయన పేరు పెట్టేశాడు.

పెద్ద ప్లీడరుగారు రెండేళ్ళపాటు అటు తొంగిచూడలేదు. మూడో ఏట ఒకరోజు గుమాస్తా వచ్చాడు. కాగితంతోపాటు చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడను కూడా నడిపించుకుని వచ్చాడు. "అయ్యగారు మనిషినే పంపమన్నారండీ" అన్నాడు. ఆమె ఆవిడకు కుర్చీ లాగి వేసింది.

సొంత ఇంట్లోనూ ఆ మాట చెల్లింది. కూతురు కాలేజీలో చేరేటప్పుడు ఒక ప్రమాణ పత్రం కావాల్సొచ్చింది. "అమ్మా, నేను సాక్షాత్తూ నీ ఎదుటే నిలబడ్డాను. కార్డు కూడా తెచ్చాను. ఇంకేం కావాలి?" అంది.

"నువ్వు నా కూతురివి కాకుండా ఉండాలి. నత్తగారి దగ్గరికెళ్ళు."

"అక్కడికెళ్తే సాయంత్రం అవుతుందే!"

"పుస్తకం ఏదైనా పట్టుకెళ్ళు."

కూతురు కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ వెళ్ళింది. నాయనమ్మ మాత్రం మనవరాలి వెంట గుమ్మం దాకా వచ్చి, "సొంతవాళ్ళవి వేరే నోటరీ చెయ్యాలే. పదో పేజీలో ఉంది" అని అరిచి మరీ చెప్పింది.

ఏళ్ళు గడిచాయి. నత్తగారు పోయారు, వీధిలో నోటరీలు ఆరుగురయ్యారు. మిగతావాళ్ళ దగ్గర పని త్వరగా అవుతుందని తెలిసినా, బరువైన కాగితాలు ఉన్నవాళ్ళు వెతుక్కుని సాక్షాత్తమ్మ దగ్గరికే రావడం మొదలుపెట్టారు. మంచం దిగలేని వాళ్ళ కోసం ఆమే సంచి భుజాన వేసుకుని వెళ్ళేది. సీలు వేరేవాళ్ళ చేతికి ఇవ్వకూడదు కాబట్టి ఆ ఇనప బరువు తనే మోసేది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళప్పుడు ఒక కుర్రాడిలాంటి నలభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ చేతిగడియారం చూసుకునే రకం, ఆమెను తన ఇంటికి తీసుకెళ్ళాడు. తండ్రి రిటైరైన రైలు డ్రైవరు. కుడిపక్క పక్షవాతం. తన తరఫున పనులన్నీ కొడుకు చూసుకోవచ్చని అధికార పత్రం. నాలుగంతస్తులు, లిఫ్టు లేదు. ఆమె ప్రతి మలుపు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంది. కొడుకు రెండు మెట్లు పైన నిలబడి గడియారం చూసుకున్నాడు.

పెద్దాయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. మాట ముద్దగా వస్తోంది గానీ కళ్ళు చురుగ్గా ఉన్నాయి. ఆమె కొడుకు వైపు తిరిగి, "మీరు కాసేపు వంటింట్లో కూర్చోండి బాబూ" అంది.

"ఎందుకండీ? నాన్నకు అంతా చెప్పాను."

"చెప్పే ఉంటారు. నేను వినాలి కదా."

అతను విసుక్కుంటూ వెళ్ళాడు. ఆమె తలుపు దగ్గరగా వేసి, కాగితం ఒక్కో వాక్యమే చదివింది. పెన్షను ఆఫీసుకు వెళ్ళడం, ఆస్పత్రి కాగితాల మీద సంతకాలు, ఇంటి మరమ్మతులు. ప్రతిదానికీ ఆయన తల ఊపాడు. "నా పేరున వచ్చే ఉత్తరాలన్నీ తెరిచి చదివి, జవాబులిచ్చుటకు" అన్నచోట ఎడంచెయ్యి పైకెత్తాడు.

"అది... వద్దు."

"ఉత్తరాలు వద్దా బాబాయిగారూ?"

ఆయన మేజా వైపు చూపించాడు. అక్కడ చదరంగం పలక ఉంది, సగం ఆటలో. పక్కన పోస్టు కార్డుల కట్ట. ఆమె అడిగి అడిగి, ముక్కలు ముక్కలుగా విని, సంగతి తెలుసుకుంది. ఆయనతో కలిసి పనిచేసిన గార్డు వేరే ఊళ్ళో స్థిరపడ్డాడు. ఇద్దరూ పదకొండేళ్ళుగా కార్డుల మీద ఆట ఆడుతున్నారు. నెలకు రెండెత్తులు. కొడుకుకు చదరంగం పిచ్చి. కార్డు వాడి చేతిలో పడితే, తన వంతు ఎత్తు వాడే వేసేస్తాడు.

"వాడు... బాగా ఆడతాడు" అన్నాడు పెద్దాయన, ఎడమ పెదవితో నవ్వుతూ. "నాకు... వద్దు."

ఆమె కూడా నవ్వింది. వంటింట్లోంచి కొడుకును పిలిచి, ఆ వాక్యం తీసేసి కొత్త కాగితం తెస్తేనే పని జరుగుతుందని చెప్పింది. కారణం చెప్పలేదు, చెప్పమంటే తండ్రినే అడగమంది. అతను తండ్రి వైపు చూశాడు, పలక వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఒక్కసారే కదా నాన్నా ఏనుగును కదిపింది!" అన్నాడు చిన్నపిల్లాడిలా.

కొత్త కాగితం తేవడానికి గంట పట్టింది. ఈలోగా ఆమె అక్కడే కూర్చుని, పెద్దాయన చెప్పిన ఎత్తు ఆయన చూస్తుండగా కార్డు మీద రాసిపెట్టింది. నోటరీగా కాదు, చెయ్యి ఖాళీగా ఉంది కాబట్టి రాసింది. కాగితం వచ్చాక మళ్ళీ మొదటినుంచి చదివింది. ఆయన ఎడమ బొటనవేలు సిరాలో అద్ది ముద్ర వేశాడు. రిజిస్టరులోనూ వేశాడు. ఆమె సీలు నొక్కి, సంచి సర్దుకుని లేచింది.

కిందికి దిగేటప్పుడు కొడుకు ఆమె భుజాన సంచి చూసి చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను."

"ఇది ఇవ్వకూడదు బాబూ. కావాలంటే నన్ను పట్టుకోండి."

అతను గడియారం చూసుకోవడం మానేసి, మోచెయ్యి అందించాడు. ఇద్దరూ నాలుగంతస్తులూ మెట్టు మెట్టుగా దిగారు.